కొట్టంలో అద్దం

మొన్న మా తమ్ముడి ఇంటికి సున్నాలు వేయిస్తున్నారని తెలిసి గౌలిపుర వెళ్ళాను. ఛత్రినాకలో నేనుండే ఇంటి నుంచి అదేమంత దూరం కాదు, ఒకప్పుడైతే చెప్పులు వేసుకోకుండానే వెళ్ళొచ్చేదాన్ని. ఇప్పుడు మోకాళ్ళు ఆటో కావాలంటాయి, ఆటో అతనేమో ఆ గల్లీలోకి రానంటాడు. ఇద్దరి మధ్యా నలిగి చివరికి సగం దూరం నడిచే వెళ్ళాను. ఇంట్లో సామానంతా ముందరి గదిలో గుట్టగా పోసి ఉంది. పరుపులు, గిన్నెలు, మిక్సీ, దేవుడి పటాలు, వాటి మధ్య పాత చీరలో చుట్టి గోడకు ఆనించిన మా అమ్మ బొమ్మ. మా మరదలు సుజాత దాన్ని తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "వదినా, దీన్ని తడిబట్టతోని తుడవచ్చా, రంగు పోతదా? మీ తమ్మున్ని అడిగితే మా అక్కనే అడుగు అన్నడు," అంది.

చీర విప్పాను. ఇన్నేళ్ళుగా ఆ బొమ్మను గోడ మీదే చూశాను, తలెత్తి, ట్యూబులైటు వెలుగులో, అదీ ఏదో పని మధ్యలో. పట్టపగటి వెలుతురులో ఒళ్ళో పెట్టుకుని వంగి చూడడం, నేను దాన్ని గీసిన తర్వాత ఇదే మొదటిసారి. చెంప కింద వేసిన ఆకుపచ్చ నీడ నల్లబడింది. కనుబొమల మధ్య రంగు మందంగా పడినచోట సన్నగా నెర్రెలు విచ్చాయి. దగ్గరికి తీసుకుంటే అవిసె నూనె వాసన వచ్చింది. ఇన్నేళ్ళకు ఇంకా వాసనేమిటి, నా మనసుకు వచ్చి ఉంటుంది. "తడిబట్ట వద్దు, పొడిబట్టతోని దుమ్ము దులుపు, చాలు," అని చెప్పాను గానీ బొమ్మను ఒళ్ళోంచి దించలేదు. సుజాత చాయ్ పెట్టుకొచ్చింది, అది చల్లారింది, మళ్ళీ వేడి చేసుకొచ్చింది. నేను అప్పటికే ఆ ఇంట్లో లేను, అదే జాగాలో ఒకప్పుడు ఉండిన ఇంకో ఇంట్లో ఉన్నాను.

ఆ ఇంటికి ముందు కొట్టం, వెనక మనుషులుండే గదులు. మా ఇంటికి ఎవరొచ్చినా బర్రెల మధ్య నుంచే రావాలి. చుట్టాలైనా, పోస్టుమాన్ అయినా, ఒక తోక దెబ్బ తినకుండా లోపలికి వచ్చినవాళ్ళు తక్కువ. తెల్లవారకముందే బాపు పాలు పిండే చప్పుడుతో మాకు మెలకువ వచ్చేది. మొదట ఖాళీ బిందెలో సర్రుసర్రుమని, బిందె నిండుతున్న కొద్దీ బరువుగా, మెత్తగా. ఆ చప్పుడు మెత్తబడేసరికి మళ్ళీ నిద్ర పట్టేది. బాపు సైకిలుకు క్యాన్లు కట్టుకుని శాలిబండ దాకా పాలు పోసి వచ్చేలోపల నాయనమ్మ పేడ ఎత్తి, పిడకలు కొట్టి, తవుడులో నూనెచెక్క నానబెట్టి ఉంచేది. ఆ వాసన మా బట్టల్లో, పుస్తకాల్లో, తలవెంట్రుకల్లో ఉండేది. బళ్ళో నా పక్కన కూర్చునే పిల్ల ముక్కు మూసుకునేది. అది వాసన అని నాకు తెలిసింది పెళ్ళయి ఇంకో ఇంటికి వెళ్ళాకే.

మా నాయనమ్మకు లోకంలో దేనికీ భయం లేదు, దిష్టికి తప్ప. ఈ బర్రె ఎన్ని పాలిస్తదని ఎవరైనా అడిగితే, పక్కన బిందె నిండా నురగ తేలుతున్నా సరే, "ఏమిస్తదమ్మా, దాని మేతకే సాలదు," అనేది. ఫోటో దిగితే ఆయుష్షు కరుగుతుందని ఆమె నమ్మకం, అందుకని మా ఇంట్లో ఫోటోలు లేవు. అమ్మ నాకు ఊహ తెలియకముందే, తమ్ముడు చంటివాడిగా ఉండగా, జ్వరంతో పోయింది. ఫోటోలు దిగకపోయినా పోయింది కదా అని నాయనమ్మకు ఎప్పుడూ తోచలేదు. పెళ్ళిలో ఎవరో ఒక ఫోటో తీశారు, దాని పనే ఇది అనేది. ఆ ఫోటో ఉంది. అందులో బాపు గుంజలాగా నిలబడి ఉంటాడు. పక్కన బాసికం కట్టుకుని, కొంగు కప్పుకుని, తల వంచుకుని అమ్మ. ముఖం కనబడదు. కొంగు అంచు కింద పెదవి చివర, దాని కింది గదువ మాత్రం కనబడతాయి. చిన్నతనంలో నాకు అమ్మ అంటే ఆ గదువే.

బతుకమ్మకు ముందు వచ్చే పెత్రమాస నాడు పోయినవాళ్ళకు అన్నం పెట్టడం మా దగ్గర ఆనవాయితీ. అందరి ఇళ్ళలో ఫోటోల ముందు విస్తరి వేస్తారు. మా ఇంట్లో అమ్మ చీర ఒకటి మడతపెట్టి పీట మీద ఉంచేవాళ్ళు. దాని ముందు అన్నం, పప్పు, గారెలు, ఆమెకిష్టమని కోవా. బాపు ఎదురుగా కూర్చుని చీరను చూసేవాడు. చీరలో చూడడానికి ఏముంటుంది, అయినా చూసేవాడు. ఒక ఏడాది అలా చూసి చూసి, నాయనమ్మ వైపు తిరిగి మెల్లగా అన్నాడు. "అమ్మా, దాని ముఖం యాదికొస్తలేదు. మొన్నమొన్నటిదాక ఉండె. గిప్పుడు కండ్లు మూసుకుంటే గీ చీరె ఒక్కటే కనబడ్తున్నది." నాయనమ్మ విస్తరిలో ఇంకో గారె పెట్టింది.  అమ్మ ముఖం తెలియనిది నాకూ తమ్ముడికే, బాపు దగ్గర అది భద్రంగా ఉందిలే అని ఇన్నాళ్ళూ నిశ్చింతగా ఉన్నాను. ఇప్పుడు అక్కడ కూడా లేకుండా పోతోంది.

మళ్ళీ పెత్రమాస వచ్చేలోగా అమ్మ బొమ్మ ఒకటి వేయించాలని బాపు పట్టుబట్టాడు. శాలిబండలో ఆయన పాలు పోసే ఇళ్ళలో ఉస్తాద్ ఇల్లొకటి. ఆయన్ని పేరుపెట్టి ఎవరూ పిలవగా నేను వినలేదు. వీధి గదిలో కూర్చుని, పోయినవాళ్ళ చిన్న ఫోటో చూసి నూనెరంగుల్లో పెద్ద బొమ్మలు వేసేవాడు. దుకాణదారుల తాతలు, సేట్ల తల్లులు వరుసగా గోడకు ఆని ఉండేవాళ్ళు. అందరివీ నున్నటి ముఖాలు, అందరూ నేరుగా మనవైపే చూసేవాళ్ళు, ఎవరి ముఖంలోనూ ఏ ఆలోచనా ఉండేది కాదు. ముఖం రంగును ఆయన ముందే కలిపి ఒక మూత డబ్బాలో పెట్టుకునేవాడు. దాన్ని చెహ్రా రంగ్ అనేవాడు. బతికినన్నాళ్ళు నల్లగా ఉన్నవాళ్ళు, ఎర్రగా ఉన్నవాళ్ళు, పోయాక అందరూ ఆ డబ్బాలోకే వచ్చేవాళ్ళు.

బాపు ఇచ్చిన పెళ్ళి ఫోటోను ఉస్తాద్ వెలుతురుకు పట్టుకుని చూశాడు. "క్యా భాయ్, దీంట్ల కొంగే ఉంది. కొంగుకు కండ్లు ఏడికెల్లి తేవాలె?"

"మా సుగుణది అచ్చం వాళ్ళమ్మ ముఖమే అంటరు సాబ్," అన్నాడు బాపు నన్ను ముందుకు తోస్తూ. "దీన్ని చూసి గీయరాదు?"

అలా నన్ను స్టూలు మీద కూర్చోబెట్టారు. నాయనమ్మ నా వెంట వచ్చి గుమ్మంలో నిలబడింది. ఉస్తాద్ బొగ్గుముక్క పట్టుకుని నా ముఖంలోకి ఒకసారి చూశాడు, రెండోసారి చూశాడు, మూడోసారికి నాయనమ్మ లోపలికి వచ్చేసింది. "పరాయి మొగోడు ఆడపిల్ల ముఖం దిక్కు గంటలకొద్ది చూసుడేంది? బతికున్న పిల్లకు గిసోంటి చూపు మంచిది గాదు. లే బిడ్డా," అని నా రెక్క పట్టుకుంది. ఉస్తాద్‌కు కోపం ముక్కు మీదే ఉండేది. ఆ రోజు మాత్రం బొగ్గుముక్క కింద పెట్టేసి, "ఠీక్ హై అమ్మా. నేను చూడ. మీ పిల్లనే అద్దంల చూసుకోమను. చెయ్యి నేను నేర్పిస్త, కండ్లు దానివే," అన్నాడు. ఆ మాట రోషంతో అన్నదే. ఎవరూ దాన్ని నిజం చేస్తారనుకుని ఉండడు. బాపు మాత్రం మరునాడే మా కొట్టంలో ఒక గుంజకు మేకు కొట్టి అద్దం తగిలించాడు.

అలా నేను నూనెరంగుల్లో నన్ను నేను గీసుకోవడం నేర్చుకున్నాను. అలా నేర్పిన గురువు ఇంకొకరు ఉంటారనుకోను. మధ్యాహ్నం నమాజు అయ్యాక ఉస్తాద్ వచ్చి, నాకు కొంచెం ముందు, ఒక పక్కగా, నాకు వీపు తిప్పి మంచం మీద కూర్చునేవాడు. నాయనమ్మకు ఇచ్చిన మాట ప్రకారం నా ముఖం వైపు చూసేవాడు కాదు, చట్రానికి బిగించిన గుడ్డను మాత్రమే చూసేవాడు. నాయనమ్మ పెట్టిన కోవా తింటూ, గుడ్డ మీద తప్పులు చెప్పేవాడు. "ముక్కు గీయకు బేటా. ముక్కు పక్కన సాయా ఉంటది, నీడ, అది గీయి. ముక్కు దానంతట అదే వస్తది." నీడ నిజంగా అక్కడ ఉందో లేదో తిరిగి చూడడానికి మాత్రం ఆయనకు వీల్లేదు. "ఉందా?" అని అడిగేవాడు. "ఉంది," అనేదాన్ని. "అయితే పెట్టు." రంగులో అవిసె నూనె ఎంత కలపాలో, టర్పెంటైన్ ఎంత పొయ్యాలో, కుంచెను వేళ్ళ మధ్య ఎలా వదులుగా పట్టుకోవాలో అన్నీ చెప్పాడు. నూనెరంగు ఒక్కరోజులో ఆరదు. పైన మీగడ కట్టినట్టు కడుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది. పాల ఇంటి పిల్లను, ఆ ఒక్క సంగతి నాకు విడమరచి చెప్పాల్సిన పని లేకపోయింది.

ఆ మధ్యాహ్నాలు ఇప్పటికీ నాకు నిద్రకూ మెలకువకూ మధ్య ఎక్కడో ఉన్నట్టు అనిపిస్తాయి. బర్రెలు పడుకుని కళ్ళు మూసుకుని నెమరువేస్తుండేవి. వాటి ఊపిరి కొట్టమంతా వెచ్చగా పరుచుకునేది. తలుపులోంచి వచ్చే ఎండ పచ్చిగడ్డి మోపు మీద పడి, అక్కడి నుంచి నా చెంప మీద పడేది. ఉస్తాద్ ఒక్కోసారి మంచం మీదే కునుకు తీసేవాడు. నేను అద్దంలోకి చూస్తూ ఉండేదాన్ని. ఏ ముఖాన్నయినా అంతసేపు చూస్తే అది మనది కాకుండా పోతుంది. కళ్ళు వేరేవాళ్ళవిలా కనబడేవి. ఆమె నన్ను చూస్తోందా, నేను ఆమెను చూస్తున్నానా అని అనుమానం వచ్చేది. ఎవరూ వినకుండా, పెదవులు కదపకుండా, అమ్మా అని పిలిచి చూశాను. అద్దంలో ఆమె కూడా పెదవులు కదపలేదు. నాకు భయం వేయలేదు. ఎంత హాయిగా ఉండేదంటే, సాయంత్రం పాలు పిండే వేళకు అద్దం ముందు నుంచి లేవాలంటే ఏడుపొచ్చేది.

సాయంత్రాలు ఇంట్లోవాళ్ళు దిద్దుబాట్లు మొదలుపెట్టేవాళ్ళు. ముక్కు ఇంకొంచెం కోటేరులా ఉండేదని బాపు, కాదు లావుగానే ఉండేదని నాయనమ్మ. పక్కింటి అవ్వ వచ్చి చెంపలు ఊదాలంది. నీడలో నేను గడ్డి పచ్చదనం పెడితే నాయనమ్మ గుడ్డ ముందు కూలబడింది. "ముఖం గట్ల పచ్చగ చేసినవేందే? పసిరికలైనయా దానికి?" ఉస్తాద్ కూడా ఒప్పుకోలేదు. పోయినవాళ్ళ ముఖం మీద గడ్డి మొలవకూడదన్నాడు. తన డబ్బా తెచ్చి, చెహ్రా రంగ్ పల్చగా చేయించి, నాచేత ముఖమంతా పూయించాడు. పచ్చదనం పోయింది. నీడలు పోయాయి. ముఖం నున్నగా, శాంతంగా, ఆయన గోడకు ఆనిన సేట్ల తల్లుల పక్కన పెట్టేలాగా తయారైంది. "బస్, గిదీ బొమ్మ అంటే," అన్నాడు ఉస్తాద్. బాపు వచ్చి చూశాడు. "మంచిగున్నది సాబ్," అన్నాడు. కానీ ఆయన దాన్ని చీరను చూసినట్టే చూశాడు. నేను బాపు కళ్ళనే చూస్తున్నాను కాబట్టి నాకు తెలిసిపోయింది. పెత్రమాస దగ్గరపడింది. బొమ్మలో అమ్మ లేదు, నేనూ లేను.

ఆ మాట ఎవరితోనూ అనలేక ఊరుకున్నాను. ఉస్తాద్ జహనుమాలో కూతురింటికి వెళ్తూ, ఆరేదాకా బొమ్మను కొట్టంలో గాలి తగిలే చోట పెట్టమన్నాడు. పెట్టాను. ఆయన బతుకంతా రంగుల్లో గడిపినవాడు గానీ బర్రెల సంగతి తెలియదు. మేము బర్రెల్లో పుట్టినవాళ్ళమే గానీ మాకూ ఆ ఆలోచన రాలేదు. మేము వాటికి నానబెట్టి పెట్టేది అవిసెచెక్కే. నేను రంగుల్లో కుమ్మరించింది అవిసె నూనే. పొద్దున లేచి చూసేసరికి మా చంద్రి, బర్రెలన్నిట్లో నెమ్మదైనది, తాడు తెంపుకుని వచ్చి, బొమ్మను నుదుటి నుంచి గదువ దాకా తృప్తిగా నాకి, మూతికి ముఖం రంగు పూసుకుని నిలబడి ఉంది. నాయనమ్మ బొమ్మను చూడనే లేదు. చంద్రి నోట్లో చెయ్యి పెట్టి నాలుక బయటికి లాగి, బూడిదతో తోమి, చింతపండు పులుసు పట్టించి, ఆ పూట దాని పాలు మోరీలో పారబోయించింది. చంద్రికి ఏమీ కాలేదు. పైగా ఆ తర్వాత నన్ను చూస్తే ముట్టె చాచేది.

నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఉస్తాద్ లేడు, ఆయన డబ్బా లేదు, పండగ ముంచుకొచ్చింది. బర్రె మీద కోపం, నాయనమ్మ మీద కోపం, ముక్కులు చెంపలు దిద్దినవాళ్ళందరి మీదా కోపం. ఆ కోపంతోనే చంద్రి నాకిన గుడ్డనే తుడుచుకుని అద్దం ముందు కూర్చున్నాను. ఇక ఎవరి మాటా గుర్తు పెట్టుకోదలచలేదు. అద్దంలో ఏముంటే అది వేయాలి, అంతే. గడ్డి నుంచి పచ్చదనం చెంప మీద పడితే పచ్చదనమే పెట్టాను. చెవి అంచున ఎండ ఎర్రగా దిగితే ఎర్రగా పెట్టాను. వెలుతురు తొందరగా పోతుంటే కళ్ళు చికిలించి చూశాను, కింది పెదవి పంటి కింద పట్టి ఉంది, పట్టి ఉన్నట్టే వేశాను. కనుబొమల మధ్య ముడత పడి, ఒక కనుబొమ పైకి లేచి ఉంది, అదీ వేశాను. శాంతం అనేది ఆ ముఖంలో వెతికినా లేదు. నా ముఖం అలా ఉంటుందని అప్పటిదాకా నాకే తెలియదు. ఎందుకంటే పనిలో ఉండగా అద్దం చూసుకునేవాళ్ళెవరు?

సాయంత్రం పాలు పోసి వచ్చిన బాపు సైకిలు గోడకు ఆనించి లోపలికి రాబోతూ కొట్టంలోనే ఆగిపోయాడు. ఖాళీ క్యాన్లు చేతిలోనే ఉన్నాయి. నేను తిట్టు కోసం సిద్ధంగా ఉన్నాను.

"కోపంగ ఉన్నది గదా బాపు," అన్నాను నేనే ముందుగా. "మల్ల దిద్దుత."

"కోపం గాదు బిడ్డా," అన్నాడు. "కోవా పొయ్యి మీద పెట్టినప్పుడు గట్లనే చూస్తుండె. పాలు పొంగుతయో, అడుగంటుతయో అని. పెదివి గట్లనే కొరుక్కునేది. పిలిచినా పలకకపోయేది." క్యాన్లు కింద పెట్టి, గడ్డి మీద కూర్చుండిపోయాడు. "యాదికొచ్చింది. మొత్తం యాదికొచ్చింది."

చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాడు. నేను సంతోషించాలి. కానీ నాకు దిగులు కమ్ముకుంది. బాపు ఎప్పుడూ నన్ను అంతసేపు చూసింది లేదు. ఇప్పుడు నా ముఖాన్నే అంత ప్రేమగా చూస్తున్నాడు, అందులో నేను ఆయనకు కనబడడం లేదు. పక్కనే నిలబడి ఉన్నాను. నా మీద నాకే అసూయ కలిగింది.

పెత్రమాస పొద్దున నాయనమ్మ అడ్డం తిరిగింది. తడి ఆరని బొమ్మను పీట మీద పెట్టబోతుంటే చెయ్యి చాచి ఆపింది. "గిది అద్దంల పిల్లను చూసి చేసిన ముఖం. దీనికి బొట్టు పెట్టి, దండ ఏసి, పోయినోళ్ళ బువ్వ పెడితే గది ఎవలికి పెట్టినట్టురా? ఒకదాన్ని పోగొట్టుకున్న, దీన్ని గూడ పోగొట్టుకోవాల్నా?" అంది.  బాపు బొమ్మను చేతుల్లోంచి దించలేదు. ఇద్దరూ అలా నిలబడిపోయారు. అన్నం చల్లారుతోంది. చివరికి నాయనమ్మ లోపలికి వెళ్ళి తన పెట్టెలోంచి ఒక గుడ్డ మూట తెచ్చి విప్పింది. అమ్మ ముక్కుపుల్ల. చిన్న ఎర్రరాయి. "దీన్ని గా బొమ్మకు ఎయ్యి. నువ్వు మాత్రం జన్మల ముక్కు కుట్టించుకోవద్దు. ముక్కుపుల్ల ఉన్నది మీ అమ్మ, లేనిది నువ్వు. యముడు గిట్ల వస్తే తేడా తెల్వాలె." నేను కుంచె తెచ్చి ముక్కు మీద ఒక ఎర్ర చుక్క పెట్టాను, దాని మీద తెల్ల మెరుపు. అప్పుడు నాయనమ్మ విస్తరి వేసింది. కోవా ముందు తనే పెట్టింది.

తిరిగొచ్చిన ఉస్తాద్ బొమ్మ ముందు చతికిలబడి, దగ్గరగా వంగి చూశాడు. "ఇన్నేండ్లు ఇంతమందిని చేసిన. ఏ బొమ్మా నన్ను గిట్ల గద్దించలే," అన్నాడు. తర్వాత నాయనమ్మ అనుమతి అడిగి, స్టూలు మీద కూర్చోబెట్టిన రోజు తర్వాత మొదటిసారి నా వైపు తిరిగి, నా ముఖం చూశాడు. పిల్ల ఇంత చిన్నదా అని ఆశ్చర్యపోయాడు.

ఆ షరతు నేను పాటించాను. పెళ్ళిలో మా అత్తగారు ముక్కు బోసిగా ఉందని ఎంత సణిగినా కుట్టించుకోలేదు. డ్రాయింగు టీచరుగా బతుకంతా పిల్లలకు బొమ్మలు నేర్పాను. మీ ముఖం మీరు గీయండి అంటే పిల్లలు అద్దం ముందు నవ్వు పెట్టుకుని కూర్చునేవాళ్ళు. ఆ నవ్వు వద్దురా, మనసులో ఒక లెక్క చేస్తూ చూసుకోండి అనేదాన్ని. ఇప్పుడు మా తమ్ముడి మనవరాలు ఫోన్ ఎత్తి పట్టి, తలను అటొకసారి ఇటొకసారి వంచి, రోజూ తన ముఖం తనే తీసుకుంటుంది. ముద్దుగా ఉంటుంది, నేను కాదనను. ఒక ముఖం కోసం ఇల్లంతా ఏడాది తిప్పలు పడిందంటే ఆ పిల్ల నమ్మదు. అప్పటి కొట్టం జాగాలో ఇప్పుడు మూడంతస్తులు లేచాయి, బర్రెలు ఊరి బయటికి పోయాయి, పాలు ప్యాకెట్లలో వస్తున్నాయి. నాకేమీ ఫిర్యాదు లేదు. పొద్దున పాలు పిండే చప్పుడు లేక నిద్ర సరిగ్గా పట్టదు, అంతే.

బొమ్మను మళ్ళీ చీరలో చుట్టి ఇచ్చేటప్పుడు సుజాత లోపలికి వెళ్ళి ఒక చిన్న డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. మూత తీస్తే ముక్కుపుల్ల. "మీ నాయనమ్మ పోయేముందు నాకిచ్చింది. వదినెకు మాత్రం ఇయ్యొద్దని ఒట్టు ఏయించుకుంది," అంది.

"మరి గిప్పుడెందుకిస్తున్నవే?"

"నీ వయసుల సగం గూడ ఉండదు మీ అమ్మ పోయినప్పుడు. గిప్పుడు మీ ఇద్దర్ని చూసి యముడు గూడ తికమక పడడు వదినా."

నవ్వుకుంటూ ఇంటికి వచ్చాను. దారిలో నవ్వు ఆగిపోయింది. నాలుగు రోజులు డబ్బాను బల్ల మీద పెట్టుకుని చూశాను. తర్వాత ఛత్రినాకలోనే మాకు తెలిసిన, బంగారం పనిచేసే అవుసులాయన దగ్గరికి వెళ్ళాను. ఈ వయసులో ఎందుకమ్మా, చర్మం గట్టిపడి ఉంటది, నొప్పి తట్టుకోలేవు అన్నాడు. తట్టుకుంటాను, కుట్టు అన్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అది నొప్పికేనని ఆయన అనుకున్నాడు.

ముక్కు ఇంకా వాచే ఉంది. అయినా ఈ ఉదయం కిటికీ పక్కన అద్దం పెట్టుకుని, కొత్త గుడ్డ బిగించి కూర్చున్నాను. తల నెరిసిన ఒకామె ఎర్రరాయి పెట్టుకుని నన్ను చూస్తోంది. ఈ ముఖాన్ని బాపు చూడలేదు, నాయనమ్మ చూడలేదు. ముక్కు ఇలా ఉండేది, చెంప అలా ఉండేది అని దిద్దడానికి ఎవరూ మిగల్లేదు, దిద్దడానికి వాళ్ళకైనా తెలియదు. నాకు భయంగా లేదు, ఎన్నాళ్ళకో ఒకరి ఇంటికి వెళ్ళి తలుపు తట్టినట్టు గుండె కొట్టుకుంటోంది. మా అమ్మ ముసలిదయ్యింది. అది చూసినదాన్ని నేనొక్కదాన్నే.